చేసి నేర్చుకునే పిల్లలకు తోడు నిలిచే పెద్దలు: వలంటీర్ల శిక్షణపై ఒక సమీక్ష

పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే చోట వారికి దారి చూపే స్వచ్ఛంద కార్యకర్తకు రెండు విద్యలు రావాలి. ఒకటి, ఆ పని తనకు తెలిసి ఉండడం. రెండోది, ఆ పనిని పిల్లల చేతికి వదిలి పక్కన నిలబడగలగడం. మొదటిది చదువు వల్లో వృత్తి వల్లో చాలామందికి అబ్బుతుంది. రెండోది నేర్పితేనే వస్తుంది. దాన్ని ఎలా నేర్పాలి, ఎన్నాళ్లు నేర్పాలి, నేర్పినా పంతులు చేయవలసిన పనిని వలంటీరు భుజాన పెట్టవచ్చా అన్న ప్రశ్నలు తెలుగునాట నాలుగు దశాబ్దాలుగా నలుగుతున్నాయి. ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకే ప్రశ్నగా కలిపి వాదించడం వల్లే చర్చ చిక్కుపడింది.

హైదరాబాదులో గౌలిగూడ పరిసరాలను చూస్తే సమస్య స్వరూపం తెలుస్తుంది. నడిచి వెళ్లేంత దూరంలోనే ట్రూప్ బజార్‌లో తీగలు, బల్బులు, స్విచ్చులు దొరుకుతాయి. బేగంబజారులో బుడగలు, గరాటాలు, అద్దాలు టోకు ధరకు వస్తాయి. సైకిలు విడిభాగాలకు గౌలిగూడలోనే దుకాణాలున్నాయి. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, కోఠిలో మహిళా విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల ఉన్నాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో 1966 నుంచి జవహర్ బాలభవన్ నడుస్తోంది. సామగ్రికి లోటు లేదు, చదువుకున్న యువతకు లోటు లేదు, పిల్లలకు అసలే లోటు లేదు. ఈ మూడింటినీ ఒకచోట చేర్చగల, తర్ఫీదు పొందిన మనిషే అరుదు.

చర్చ ఎక్కడి నుంచి వచ్చింది

హైదరాబాదులో తెలుగువారి స్వచ్ఛంద విద్యా సేవ గ్రంథాలయంతో మొదలైంది. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది. అక్కడ సేవ అంటే పుస్తకం అందించడం, సభలు జరపడం. పిల్లల కోసమే పెద్దలు ఒక సంఘంగా కూడడం ఆ తర్వాతి మాట. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి దంపతులు బాలానంద సంఘాన్ని పెంచారు. 1945లో ‘బాల’ పత్రికను తెచ్చారు. 1956లో హైదరాబాదుకు వచ్చి ఇక్కడ ఆ పనిని కొనసాగించారు. పాట, నాటిక, ఆట పిల్లలే చేయాలి, పెద్దలు వెనక ఉండాలి అన్న పద్ధతి వారి దగ్గర ఆచరణలో ఉంది. అయితే అది ఆ ఇద్దరి స్వభావం నుంచి వచ్చిన విద్య. అలాంటి అన్నయ్యలను, అక్కయ్యలను మరో వందమందిని తయారు చేయడమెలా అన్నదే తర్వాతి తరాలకు మిగిలిన పని.

ఆ ప్రశ్నకు మొదటి సంస్థాగత జవాబు స్కౌటు ఉద్యమానిది. లండన్ దగ్గరి గిల్వెల్ పార్కులో 1919లో పెద్దల కోసం తొలి వుడ్ బ్యాడ్జ్ శిబిరం జరిగింది. స్కౌటు మాస్టర్లు కాబోయే పెద్దలను పిల్లల్లాగే దళాలుగా విభజించి, గుడారాలు వేయించి, వంట చేయించారు. 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఈ పద్ధతినే బేసిక్, అడ్వాన్స్‌డ్, హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అనే మెట్లుగా నడుపుతోంది. ఒక మెట్టు దాటినవారు కొంతకాలం తమ దళంతో పనిచేశాకే పై మెట్టుకు అర్హులవుతారు. ఈ విరామం విలువను చాలామంది గుర్తించలేదు. శిక్షణ, ఆచరణ, మళ్లీ శిక్షణ అనే వరుస తర్వాతి పథకాల్లో ఎక్కువగా తెగిపోయింది.

విజ్ఞానశాస్త్రం వైపు నుంచి వచ్చిన పెద్ద ప్రేరణ మధ్యప్రదేశ్‌ది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 1972లో 16 బడుల్లో ప్రారంభించిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 2002 దాకా సాగింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని భుజాన వేసుకుంది. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు సెలవుల్లో స్వచ్ఛందంగా వచ్చి ఉపాధ్యాయుల పక్కన కూర్చుని ప్రయోగాలు చేశారు. వేసవి శిబిరాల తర్వాత ఉపాధ్యాయులు నెలనెలా కలుసుకుని, తరగతిలో ఏది కుదరలేదో చెప్పుకునేవారు.

1987 అక్టోబరు, నవంబరు నెలల్లో దేశమంతా తిరిగిన భారత్ జన విజ్ఞాన జాతా తర్వాత, 1988లో ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక పుట్టింది. ‘చెకుముకి’ మాసపత్రిక, బడి స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా జరిగే చెకుముకి సైన్స్ సంబరాలు, బాబాల మహిమల వెనకున్న రసాయనశాస్త్రాన్ని ఊళ్లలో చేసి చూపే ప్రదర్శనలు ఈ సంస్థకు పేరు తెచ్చాయి. దాని కార్యకర్తల్లో ఉపాధ్యాయులు, డాక్టర్లు, ఉద్యోగులు ఉన్నారు. వారిలో చాలామంది తర్ఫీదు తోటివారి వెంట వెళ్లి, చూసి, చేసి నేర్చుకున్నదే. అదే కాలంలో నెల్లూరు సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వేలమంది వలంటీర్లను ఊరూరా నిలబెట్టింది. అక్కడి అక్షరాస్యత కేంద్రాల్లో జరిగిన చర్చల నుంచే 1992 నాటి సారా వ్యతిరేక పోరాటం ఎగసింది. నేర్చుకునేవారు పెద్దలే అయినా, రిసోర్సు పర్సన్ల నుంచి మాస్టర్ ట్రైనర్లకు, వారి నుంచి వలంటీర్లకు శిక్షణ దిగే అంచెల పద్ధతి అక్కడే తెలుగు నేలకు బాగా అలవాటైంది.

ప్రభుత్వ పక్షాన బ్రిటిష్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1983లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి 1996 దాకా రాష్ట్రమంతటికీ విస్తరించింది. చేసి, కనిపెట్టి, ప్రయోగించి నేర్చుకోవడం దాని ఆరు సూత్రాల్లో ఒకటి. స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవడం, వారి పనిని గోడల మీద ప్రదర్శించడం కూడా ఆ ఆరింటిలో ఉన్నాయి. శిక్షణ పొందింది ఉపాధ్యాయులే. అయినా ఆ తర్వాత వచ్చిన విద్యా వాలంటీర్లకు, స్వచ్ఛంద సంస్థలకు ‘కృత్యాధార బోధన’ అన్న మాటను, డీఆర్పీ (జిల్లా రిసోర్సు పర్సన్), ఎంఆర్పీ (మండల రిసోర్సు పర్సన్) అన్న అంచెలను అలవాటు చేసిన వాటిలో ఈ పథకానిది పెద్ద పాత్ర.

ఒక సెల్లు, ఒక దీపం

శిక్షణలో అసలు నేర్పవలసింది ఏమిటో ఒక చిన్న కృత్యంలో చూడవచ్చు. పిల్లల ముందు ఒకటిన్నర వోల్టు సెల్లు, రెండు తీగలు, టార్చి బల్బు పెట్టి, వెలిగించమంటారు. చాలామంది పిల్లలు మొదట ఒకే తీగతో సెల్లు తలను, బల్బు అడుగును కలుపుతారు. బల్బు వెలగదు. కొందరు తీగ రెండు కొసలనూ సెల్లుకే అంటించి, అది వేడెక్కితే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తర్ఫీదు లేని వలంటీరు ఈ క్షణంలోనే ముందుకు వంగి, “ఇలా కాదమ్మా, ఇలా” అంటూ తీగ తీసుకుని వెలిగించేస్తాడు. దీపం వెలిగింది కాబట్టి అందరూ సంతోషిస్తారు. దారి ఎక్కడ తెగిందో వెతికే అవకాశం మాత్రం పిల్లల నుంచి జారిపోయింది.

తర్ఫీదు ఉన్నవాడు వేడెక్కిన సెల్లును ముందు విడదీయిస్తాడు. భద్రత దగ్గర ఆలస్యం చేయడు. ఆ తర్వాత అడిగే ప్రశ్న ఒకటే: “కరెంటు ఎక్కడి నుంచి బయల్దేరింది, ఎక్కడికి తిరిగి వచ్చింది? వేలితో చూపించు.” అడిగి ఆగుతాడు. ఆ ఆగడం చాలా కష్టమైన పని. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో తరగతి గదులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపారు. ఆ వ్యవధి మూడు సెకన్లకు పెరిగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు, పిల్లలు ఎదురు ప్రశ్నలు వేశారు. మూడు సెకన్లు మౌనంగా ఉండడం శిక్షణ శిబిరంలో సాధన చేయించదగిన నైపుణ్యం. చాలా శిబిరాల్లో దానికి చోటుండదు.

ఈ కృత్యంలోనే మరో పాఠముంది. ఇప్పుడు బజారులో టార్చి బల్బు కన్నా ఎల్‌ఈడీ సులువుగా దొరుకుతుంది. తెల్ల ఎల్‌ఈడీ ఒక్క సెల్లుతో వెలగదు, రెండు కావాలి. కాళ్లు తిరగబడితే అసలే వెలగదు. తన చేత్తో ఒకసారి చేసి చూడని వలంటీరు ముప్పై మంది పిల్లల ముందు ఈ సంగతి తెలుసుకుంటాడు. కంగారులో పిల్లల మీదే తప్పు నెట్టేస్తాడు.

మూడు మార్గాలు

వలంటీర్లకు శిక్షణ ఇచ్చేవారిలో స్థూలంగా మూడు మార్గాలు కనిపిస్తాయి.

మొదటి మార్గం సామగ్రిని నమ్ముతుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో గ్రామీణ బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన కార్డుల పద్ధతి దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ. పాఠాన్ని చిన్నచిన్న కృత్యాలుగా విడదీసి, గుర్తులున్న కార్డులుగా చేసి, నిచ్చెనలా అమర్చారు. పిల్లవాడు తనెక్కడున్నాడో తనే చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటాడు. చుట్టుపక్కల పల్లెల యువతీయువకులే ఈ బడుల్లో పంతుళ్లయ్యారు. కర్ణాటకలోని నలి-కలి 1995లో, చెన్నై నగరపాలక బడుల్లోని కృత్యాధార అభ్యసనం 2003లో ఇక్కడి నుంచి ప్రేరణ పొందాయి. నేర్పే మనిషి కొత్తవాడైనా పని ఆగదన్నది దీని బలం. కార్డులో లేని ప్రశ్న పిల్లవాడు అడిగితే ఏం చేయాలన్నది దీని బలహీనత. అయితే రిషివ్యాలీలో ఆ లోటును తీర్చేందుకు శిక్షణలో ఎక్కువ కాలం వెచ్చించారు. కార్డులను మాత్రమే పట్టుకెళ్లినచోట అవి మరో వర్క్‌బుక్ అయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రెండో మార్గం ప్రకారం పెద్దలు ముందు తామే విద్యార్థులు కావాలి. హోషంగాబాద్, వుడ్ బ్యాడ్జ్ ఈ కోవలోవి. కృత్యం గురించి ఉపన్యాసం ఉండదు. శిక్షణార్థి దాన్ని పూర్తిగా చేసి, తప్పి, తన తప్పును తనే వెతుక్కుంటాడు. తప్పినప్పుడు కలిగే చిరాకు తనకు తెలుస్తుంది కాబట్టి పిల్లవాడి చిరాకును గౌరవిస్తాడు. దీనికి రోజులు కావాలి, సామగ్రి కావాలి, మంచి శిక్షకులు కావాలి. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం వచ్చే వలంటీరుకు వారం పాటు శిబిరంలో ఉండే వీలు దొరకడం కష్టం.

మూడోది వెంట తిరిగి నేర్చుకోవడం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969లో ప్రారంభమైన విజ్ఞాన ప్రదర్శనశాల ఎక్స్‌ప్లోరేటోరియంలో ఎక్స్‌ప్లెయినర్లుగా చేరే యువతీయువకులు ప్రదర్శనల మధ్య నిలబడి, సందర్శకులతో మాట్లాడుతూ పని నేర్చుకుంటారు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర గుడివంకలో ప్రాంగణమున్న 1999లో ఏర్పడిన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ సంచార ప్రయోగశాలలతో పాటు పిల్లలనే తోటి పిల్లలకు నేర్పే యువ బోధకులుగా తయారు చేస్తోంది. ‘ఆపరేషన్ వసంత’ పేరుతో పల్లెల్లో సాయంత్రం బడులను స్థానిక యువత చేత నడిపించింది. జన విజ్ఞాన వేదిక సంప్రదాయం కూడా చాలావరకు ఈ దారిదే. ఖర్చు తక్కువ, ఆత్మీయత ఎక్కువ. మంచి కార్యకర్త వెంట వెళ్లినవాడు బాగా నేర్చుకుంటాడు. తొందరపాటు మనిషి వెంట వెళ్లినవాడు ఆ తొందరపాటునే నేర్చుకుంటాడు.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా స్పష్టం. మొదటిది విస్తరించడానికి అనువైనది, కానీ లోతు సామగ్రి నాణ్యత మీద ఆధారపడుతుంది. రెండోది లోతైనది, కానీ విస్తరించడం కష్టం. మూడోది ఎక్కువకాలం నిలిచేది, కానీ నాణ్యత మనిషిని బట్టి మారుతుంది. గౌలిగూడ వంటి నగర వాడకు రెండో, మూడో మార్గాలు కలిసిన పద్ధతే కుదురుతుంది. రెండు ఆదివారాలు తానే చేసి చూడడం, ఆపై అనుభవజ్ఞుల పక్కన కొన్ని వారాలు, తర్వాత సొంతంగా. జాతీయ సేవా పథకంలో చేరిన డిగ్రీ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. అందులో ఇరవై గంటలు శిక్షణకు పోయినా ఇంకా 220 గంటలు పిల్లలకే మిగులుతాయి. శిక్షణకు సమయం లేదన్న మాట కళాశాలల విషయంలో నిలవదు.

ఎంత చెప్పాలి, ఎంత వదలాలి

శిక్షణ మార్గం తర్వాత వచ్చే వివాదం బోధన స్వభావానిది. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ మూడు నుంచి ఐదేళ్ల పిల్లల చేత చెక్కముక్కలతో పిరమిడ్ కట్టించి, పెద్దల సాయం ఎప్పుడు, ఎంత అందాలో పరిశీలించారు. బిడ్డ ఆసక్తిని పట్టి ఉంచడం, పనిని తేలిక చేయడం, ముఖ్యమైనదాన్ని ఎత్తి చూపడం, చిరాకును తగ్గించడం, చేసి చూపడం వంటివి ఆ సాయంలో భాగాలు. ఆసరా అవసరమైనంతే ఉండాలి, నేర్పు పెరిగేకొద్దీ తగ్గాలి అన్న ఆలోచన అక్కడి నుంచి స్థిరపడింది.

2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ ఈ ధోరణి మొత్తాన్ని ప్రశ్నించారు. కొత్తగా నేర్చుకునేవారికి తక్కువ మార్గదర్శనంతో కనిపెట్టమంటే జ్ఞాపకశక్తి మీద భారం పడి నేర్చుకోవడం దెబ్బతింటుందని వాదించారు. మరుసటి ఏడాదే సిండీ మెలో-సిల్వర్, ఆమె సహరచయితలు జవాబిస్తూ, మంచి అన్వేషణాత్మక బోధనలో మార్గదర్శనం తక్కువేమీ కాదని, అది మరో రూపంలో ఉంటుందని చెప్పారు. వలంటీర్ల శిక్షణకు సంబంధించినంతవరకు రెండో పక్షమే నిజానికి దగ్గరగా ఉంది. పైన చెప్పిన సెల్లు కృత్యంలో వలంటీరు అడిగిన ప్రశ్న మార్గదర్శనమే. అయితే కిర్ష్‌నర్ బృందం హెచ్చరికను కొట్టివేయడం అవివేకం. పిల్లలను సామగ్రి ముందు కూర్చోబెట్టి “కనుక్కోండి” అని వదిలేసే శిబిరాలు చాలానే జరుగుతాయి. వాటిలో పిల్లలు సరదాగా గడుపుతారు, ఇంటికి మాత్రం ఏమీ పట్టుకెళ్లరు.

1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో ఈ సమస్య మరో రూపంలో తలెత్తుతుంది. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు స్థానిక సమస్య మీద ప్రాజెక్టు చేసి నివేదిక సమర్పించాలి. వారికి ఒక గైడు ఉంటారు. పిల్లల సర్వే ఎక్కడ ముగుస్తుంది, గైడు రచన ఎక్కడ మొదలవుతుంది అన్నది న్యాయనిర్ణేతలకు ఏటా ఎదురయ్యే ప్రశ్న. పోటీలో గెలుపు ఉన్నప్పుడు పెద్దల చెయ్యి ముందుకు చాచడం సహజం. గైడుల శిక్షణలో హద్దులు గీయడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

పంతులి స్థానంలో వలంటీరా

మొదట చెప్పిన మూడో ప్రశ్న రాజకీయమైనది, అందువల్ల వేడి ఎక్కువ. 1990ల చివరి నుంచి ప్రభుత్వం విద్యా వాలంటీర్లను తక్కువ వేతనంతో బడుల్లో నియమించింది. ఉపాధ్యాయ సంఘాలు దీన్ని ఖాళీలు నింపకుండా తప్పించుకునే దారిగా చూశాయి. ఆ అభ్యంతరంలో న్యాయముంది.

పరిశోధనలు మరో కోణం చూపాయి. ప్రథమ్ సంస్థ వడోదర, ముంబయిలలో నడిపిన బాలసఖి కార్యక్రమంలో సుమారు రెండు వారాల శిక్షణ పొందిన స్థానిక యువతులు వెనకబడిన పిల్లలకు రోజూ నేర్పారు. నెలకు 500 నుంచి 750 రూపాయలు ఇచ్చారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లల మార్కులు పెరిగినట్టు తేలింది. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభం చాలావరకు తగ్గిపోయిందని కూడా తేలింది. ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో, వంద బడులకు అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుణ్ని ఇస్తే రెండేళ్లలో గణితం, భాషల్లో పిల్లలు ముందంజ వేశారు. అయిదు రెట్ల జీతం తీసుకునే, ఎక్కువ శిక్షణ ఉన్న రెగ్యులర్ ఉపాధ్యాయుల కన్నా వీరు తక్కువ ఫలితమివ్వలేదు.

ఈ ఫలితాలను చేసి నేర్చుకోవడానికి యథాతథంగా అన్వయించకూడదు. కొలిచినవి చదవడం, రాయడం, లెక్కలు. ప్రశ్నించే అలవాటును, తప్పు చేసి సరిదిద్దుకునే ఓర్పును ఆ పరీక్షలు తాకలేదు. రెండు చోట్లా అది జీతమో భృతో ఉన్న రోజువారీ పని. వారానికి ఒకసారి వచ్చే స్వచ్ఛంద కార్యకర్తకు ఆ అంకెలు హామీ ఇవ్వవు. నిఖార్సైన స్వచ్ఛంద సేవ పంతులి పనికి చేర్పుగా ఉన్నప్పుడే బలంగా ఉంటుంది.

శిక్షణ తర్వాత ఏం జరుగుతుంది

అంచెల పద్ధతి లోపం అందరికీ తెలిసినదే. రాష్ట్ర స్థాయిలో అయిదు రోజులు చేసిన కృత్యం జిల్లాలో మూడు రోజులై, మండలంలో ఒక పూట ఉపన్యాసమవుతుంది. సామగ్రి కూడా మధ్యలోనే ఆగిపోతుంది. చివరి అంచెలోని మనిషి తాను ఎన్నడూ చేయని ప్రయోగాన్ని పిల్లల చేత చేయించవలసి వస్తుంది. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980 నుంచి రాసిన పరిశోధనల్లో సిద్ధాంతం, ప్రదర్శన, సాధన, సూచనల తర్వాత కూడా పని జరిగే చోట పక్కనుండి సరిదిద్దే మనిషి లేకపోతే నేర్చుకున్నది తరగతిలోకి చేరదని వాదించారు. హోషంగాబాద్ నెలవారీ సమావేశాలు చేసింది ఈ పనే. మొదటి శిబిరాన్ని రెండు రోజులు తగ్గించి, ఆ డబ్బును ఆరు నెలల తర్వాతి కలయికలకు ఖర్చు పెట్టడం మేలు. నిధులిచ్చేవారికి మాత్రం శిబిరం ఫొటోలో కనిపిస్తుంది, నెలవారీ కలయిక కనిపించదు.

ఇంకా తేలనివి

పిల్లల భద్రత ఇన్నాళ్లూ శిక్షణలో చివరి గంటకు మిగిలిన అంశం. 2012 నాటి పోక్సో చట్టం తర్వాత కూడా చాలా చిన్న సంఘాల్లో వలంటీరు పూర్వాపరాలు విచారించే పద్ధతి లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2021లో బడి పిల్లలకు వలంటీర్లను జతచేసేందుకు తెచ్చిన ‘దేశ్ కే మెంటార్’ పథకాన్ని భద్రతా కారణాలతో నిలిపివేయాలని 2022 జనవరిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ సూచించినప్పుడు ఈ చర్చ దేశం దృష్టికి వచ్చింది. కఠిన తనిఖీలు పెడితే ఆదివారం వచ్చే మంచి మనిషి వెనక్కి తగ్గుతాడని ఒక వాదన. పిల్లలతో ఒంటరిగా ఉండే అవకాశం లేకుండా కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలన్న నియమం అంత భారమేమీ కాదు. అది తప్పనిసరి కావాలి.

నీతి ఆయోగ్ 2016లో బడుల్లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు స్వచ్ఛంద మెంటార్లను చేర్చే ప్రయత్నం జరిగింది. 2021లో బడులకు వలంటీర్లను చేర్చే విద్యాంజలి 2.0 వచ్చింది. హైదరాబాదులో 2023లో నమూనాలు తయారు చేసుకునే కేంద్రం టీ-వర్క్స్ తెరిచారు. ఇంజనీర్లున్న నగరానికి ఇవి మంచి అవకాశాలు. కానీ త్రీడీ ప్రింటరు తెలిసిన ఇంజనీరుకు పదేళ్ల పిల్లతో మాట్లాడడం తెలియాలన్న నియమమేమీ లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఏ శిక్షణ, రిటైరైన సైన్సు పంతులికి ఏ శిక్షణ, కోఠిలో చదివే డిగ్రీ విద్యార్థినికి ఏ శిక్షణ అని విడదీసి ఆలోచించిన పాఠ్యక్రమం అవసరం. రిటైరైన పంతులికి విషయం వచ్చు, నలభై ఏళ్ల ఉపన్యాసపు అలవాటును వదిలించాలి. విద్యార్థినికి ఆ అలవాటు లేదు, విషయంలో ధైర్యమివ్వాలి.

భాష సమస్య కూడా ఉంది. గౌలిగూడ, జాంబాగ్, బేగంబజారు పిల్లల ఇళ్లలో తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ, మరాఠీ వినిపిస్తాయి. బడి ఎక్కువగా ఇంగ్లీషు మాధ్యమం. కిట్లతో వచ్చే సూచనలు ఇంగ్లీషులోనో పుస్తకాల తెలుగులోనో ఉంటాయి. సర్క్యూటును ‘వలయం’ అని రాసిన కాగితం చూసి వలంటీరే తడబడతాడు. పిల్లవాడు తన ఇంటి భాషలో ఊహ చెప్తే, దాన్ని ఏ భాషలో రాయాలో కూడా వలంటీరు తేల్చుకోవలసి వస్తుంది. దీని మీద శిక్షణ ఇవ్వాలంటే ముందు ఈ వాడల్లో పిల్లల మాటలను నమోదు చేసి, చేతిపుస్తకాలను వాటితో రాసుకోవాలి.